తలుపు పక్కన తుమ్మచెట్టు

కోడూరు,
12-6-1978

సుగుణ వదినకు సత్యవాణి నమస్కారాలు.

నేను క్షేమం. నువ్వూ, అన్నయ్యా, వల్లీ క్షేమమని తలుస్తాను. పోయిన గురువారం కొత్త ఇంట్లో పాలు పొంగించాను. ఉప్పెన తర్వాత సేవాసంస్థవాళ్లు కట్టిన కాలనీలో పదకొండో నంబరు నాది. ఒక గది, వంటకి చిన్న వసారా, పైన సిమెంటు కప్పు. మళ్లీ నీళ్లొస్తే జనం ఎక్కడానికి డాబా మీదికి మెట్లు కూడా పెట్టారు. పాలు పొంగేటప్పుడు పక్కింటి నాగేంద్రమ్మగారు తప్ప ఎవరూ లేరు. ఆవిడే నా చేత గుమ్మానికి పసుపు రాయించింది. నేను రాయకూడదేమో అంటే, రాసేవాళ్లు ఇంకెవరున్నారే అంది. నిజమే కదా.

ఇల్లు పోను నాలుగు సెంట్లు జాగా ఉంది. పొద్దున్నే చూస్తే నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. గరిక కూడా మొలవడం లేదు. వల్లి వాళ్ల నాన్నా, నానమ్మా పోయాక, ఈ బీడులో నీ పిల్లని ఎక్కడ పెట్టుకుంటావని నువ్వు దాన్ని గుడివాడ తీసుకెళ్లి ఏడు నెలలైంది. ఉప్పెన వచ్చిన రోజు బందరులో టీచర్ల శిక్షణకి వెళ్లి నేను మిగిలాను. మిగిలినందుకు ఈ జాగానైనా పిల్ల మసిలే ఇల్లుగా చెయ్యాలి. కాస్త నీడ, కూరకి ఇంత ఆకు, దాని చేతికి అందేటట్టు ఒక కాయ ఉండాలి.

అన్నయ్య వ్యవసాయ శాఖలో ఇన్నేళ్లు ఊరందరి పొలాలూ బాగు చేశాడు. చెల్లెలి పెరడుకి ఒక పటం గీసి పంపమను. వాన పడేలోగా అందితే మేలు. వల్లికి నా ముద్దులు.

ఇట్లు,
నీ సత్యవాణి


గుడివాడ,
24-6-1978

చి. సత్యవాణికి వదిన దీవెనలు.

పైన కొట్టివేత చూసి ఏమీ అనుకోకు. పదేళ్ల అలవాటు, చెయ్యి లక్షణ సౌభాగ్యవతి అని రాసేసింది. ఇంట్లో ఇదొక్కటే కాగితం ఉంది, అందుకని చించలేదు.

మీ అన్నయ్య మూడు సాయంత్రాలు కూర్చుని గీసిన పటం ఇందులో మడిచి పెట్టాను. ఎక్కడో ఇంగ్లీషు పత్రికలో చదివారట. అడవికి ఎవరూ నీళ్లు పొయ్యరు, ఎరువు వెయ్యరు, అయినా బతుకుతోంది. ఇంటి పెరడు కూడా అలా ఒకదాన్నొకటి సాక్కునేటట్టు ఉండాలట. నాకు అర్థమైనంత చెబుతాను. రోజూ తుంచుకునే ఆకుకూర, మిరప, కరివేపాకు వంటింటి గుమ్మానికి నాలుగడుగుల్లో ఉండాలి. వారానికోసారి చూసే పాదులు దాని వెనక. పెద్ద చెట్లు ఆఖర్న. స్నానం నీళ్లు అరటికి, అంట్ల నీళ్లు బచ్చలికి పోవాలి. రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టకూడదు, మొక్కల మొదట్లో పరవాలి. కోళ్లని ఆ ఆకులో వదిలితే పురుగూ పోతుంది, ఎరువూ అవుతుంది. నేను ఇన్నాళ్లూ పెరడు ఊడ్చిన చీపుళ్లన్నీ దండగే అయ్యాయి.

మొదట గట్లు కట్టి వాన నీళ్లు మడుల్లో నిలబెట్టు. ఉప్పు కరిగాక బయటికి వదిలెయ్. అలా రెండు మూడు సార్లు. తర్వాత జీలుగ చల్లి, పూతకొచ్చేసరికి నేలలో తొక్కించు. విత్తనాలు పొట్లం కట్టి వేరే పంపుతున్నాను.

దక్షిణం వైపు సరుగుడు నాలుగు వరసలు. వీధి తలుపు పక్కన ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టిన చోట నల్లతుమ్మ. అది మాత్రం మర్చిపోకు.

వల్లి నాలుగో తరగతిలో చేరింది. గౌన్లు పొట్టయిపోతే రెండు కొత్తవి కుట్టించాను. అంచు లోపలికి మడిచి కుట్టమన్నాను, విప్పుకుంటే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి.

ఉంటాను,
సుగుణ


కోడూరు,
16-7-1978

వదినకు,

పటం అందింది. జీలుగ పొట్లం కూడా అందింది, కాకపోతే దారిలో చిరిగి సగం పోస్టుమాను సంచీలో ఉంది. అది ఏరుకుని చల్లేసరికి పెద్ద పనైంది.

పటాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాను. కొంత అర్థమైంది, కొంత అయోమయంగా ఉంది. వంటింటి ముందు ఆకుకూరలు బాగానే ఉన్నాయి. నీళ్లు రెండోసారి వాడుకోవడం ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేదు, కాలవ నుంచి బిందెలతో మోసేవాళ్లకి అదే తెలుస్తుంది. కానీ దక్షిణాన నాలుగు వరసల సరుగుడు ఏమిటి? ఎండాకాలం మాకొచ్చే కాస్త గాలీ అటు నుంచే. గాలికి అడ్డం ఒక వరస చాలదా? మరి ఆ తుమ్మ? గుమ్మం పక్కన ముళ్ల చెట్టు ఎవరైనా పెడతారా? నాగేంద్రమ్మగారికి చూపిస్తే, మీ అన్నయ్యకి నీ మీద కోపమేమైనా ఉందా అని అడిగింది. శత్రువు ఇంటి ముందు కూడా అలాంటిది నాటరట. ఎర్ర సున్నా పొరపాటున పడిందేమో కనుక్కో. ఆ చోట జామ పెడితే బాగుంటుందని నాకుంది. వల్లికి జామ ఇష్టం కదా.

గట్లకి జకరయ్య వచ్చాడు. మా పాత ఇంటి దగ్గర, పాలకాయతిప్ప దారిలో, మట్టి పనులు చేసేవాడు, నీకు గుర్తుండాలి. కూలి ఇస్తానంటే, వల్లి వాళ్ల నాన్నని తలుచుకుని, సారుగారి ఇల్లమ్మా అని పార భుజానేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

వల్లిని అక్కడే నాలుగులో చేర్చారన్నమాట. మంచిదే. నాకేం తొందర లేదు. అది సుఖంగా ఉంటే అంతే చాలు.

సత్యవాణి


గుడివాడ,
5-8-1978

చి. సత్యవాణికి,

తొందర లేదన్నావు. సరే. బడిలో నీకెంత పనుందో, ఒంటరిగా ఎన్ని చూసుకోవాలో మాకు తెలియదా? ఇక్కడ పిల్లకి ఏ లోటూ లేదు, నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ అన్నయ్య ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారు. నాట్ల కాలం కదా, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నీ సందేహాలు ఆయన వచ్చినప్పుడు చదివి వినిపించాను. ఎర్ర సున్నా పొరపాటు కాదు. సరుగుడు నాలుగు వరసలే. గాలి రాకపోతే విసనకర్ర పంపుతాను. తుమ్మ విషయంలో కారణం అడక్కు. నేను చెప్పకూడదు. నన్ను నమ్మి నాటు.

అవనిగడ్డ బస్సు కండక్టరు బసవయ్యగారి చేతికి ఆరు అరటి పిలకలు, నాలుగు మునగ కొమ్మలు గోనె చుట్టి ఇచ్చాను. ఆయనకి మనవడు పుట్టాడట, ఆయన కనపడితే పలకరించు. మునగ ఎండినట్టు కనపడినా పారెయ్యకు.

నీ ఉత్తరం వస్తే వల్లి ముందు పెరడు గురించే అడుగుతుంది. సరుగుడు ఎన్ని వరసలైంది, తుమ్మ పెట్టిందా, అని. నీకు జవాబు రాయమంటే మాత్రం పలక తీసుకుని వెనక వసారాలోకి పోతుంది. పిల్లతనం, మనసులో పెట్టుకోకు.

సుగుణ


కోడూరు,
1-10-1978

వదినకు నమస్కారాలు.

ఈసారి మంచి కబురుతోనే మొదలుపెడతాను. బచ్చలి తీగ వసారా స్తంభం ఎక్కింది. నిన్న నా పెరట్లో కోసిన ఆకుతో పప్పు వండాను. ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, నేలలో ఉన్నది చాల్లే అని నాగేంద్రమ్మగారు ఎగతాళి చేసింది. ఆవిడ ముందు నవ్వి, ఆవిడ వెళ్లాక ఏడ్చాను. ఎందుకో చెప్పలేను.

జీలుగ నడుమెత్తు లేచింది. జకరయ్యా, నేనూ తొక్కించాం. ఆ మడుల్లో ఇప్పుడు వానపాములు కనపడుతున్నాయి. అరటి నాలుగు బతికాయి, మునగ మూడు. సరుగుడు మూడు వరసలు పెట్టాను, నాలుగోదానికి మొక్కలు దొరకలేదు. ఆకు పరిచాక మడి తడి ఆరడం లేదు. రోజూ మోసే బిందెలు తొమ్మిది నుంచి అయిదుకి దిగాయి. అన్నయ్య చదివిన పత్రికకి నా నమస్కారాలు.

తుమ్మ చోట జామ అంటు పెట్టాను. కోప్పడకు. కారణం చెప్పకుండా ముళ్ల చెట్టు పెట్టమంటే నా మనసు ఒప్పలేదు. మూడు కొత్త చిగుళ్లు వేసింది.

ఒక మాట అడగాలి. పటంలో కొబ్బరి పక్కన ఆరేళ్లు అనీ, సపోటా పక్కన అయిదేళ్లు అనీ అన్నయ్య రాశాడు. పటం అంతా పూర్తయితేనే పెరడు అయినట్టా? మధ్యలో ఎప్పుడైనా, ఇంక చాలు, ఇల్లయింది అనుకోవచ్చా?

దసరాకి మా బడికి పది రోజులు సెలవు. ఇంట్లోనే ఉంటాను.

సత్యవాణి


గుడివాడ,
20-10-1978

చి. సత్యవాణికి,

దసరా బాగా జరిగింది. వల్లికి పూసల జడకుచ్చులు కొన్నాం. నువ్వు రమ్మని రాస్తావేమో అని సంచీ సర్ది ఉంచాను. ఇంట్లో ఉంటానని రాశావు కానీ రమ్మని రాయలేదు. పండగపూట పిలవని ఇంటికి పిల్లని తీసుకుని ఎలా వస్తాం?

చెట్లకి పట్టే ఏళ్ల గురించి మీ అన్నయ్యని అడిగాను. శాఖవాళ్ల పుస్తకంలో అలాగే రాస్తారు అన్నారు. నువ్వు ఆ ప్రశ్న ఎందుకడిగావో నాకు అంతుపట్టలేదు. ఆరేళ్లు గడువు కావాలని అడిగావా?

జామ సంగతి వల్లి చదివింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. దాన్ని తీసి వేరే చోట పెట్టుకో. అక్కడ తుమ్మ నాటు. ఇది మూడోసారి చెప్పడం.

సుగుణ


కోడూరు,
24-11-1978

వదినకు,

సంవత్సరీకం అయిదు రోజుల కిందట పెట్టించాను. ఈ కాలనీలో ఆ రోజు ప్రతి ఇంట్లోనూ అదే పని. పురోహితుడు ఒక్కడే, ఇంటింటికీ పరుగెత్తాడు.

ఇవాళ అవనిగడ్డ వెళ్తే బసవయ్యగారు బస్సు ఆపి నాతో ఒక సంగతి చెప్పాడు. పోయిన ఆదివారం మీరు ముగ్గురూ మోపిదేవి వచ్చారట. స్వామికి పాలు పోయించారట. అక్కడి నుంచి నా గుమ్మానికి గంట ప్రయాణం లేదు. ఏడాది తిరిగిన ఆ రోజున, నేను ఇక్కడ ఒంటరిగా కూర్చుని ఉంటే, మీరు మోపిదేవి దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. పిల్లలు లేనివాళ్లు మోపిదేవిలో ఏం మొక్కుకుంటారో నాకు తెలియదా? దత్తత మాట అనుకుంటున్నారని బసవయ్యగారు అనలేదు. అననక్కర్లేదు.

ఇప్పుడు నాకు పటం అర్థమైంది. నాలుగు వరసలు, ఆరేళ్ల కొబ్బరి, కారణం చెప్పని తుమ్మ. నేను ఒకటి చేస్తే ఇంకొకటి మిగిలి ఉండాలి. నా పిల్లకి నా మీద మనసు విరిచేస్తే, ఉత్తరం రాయమన్నా పక్కకి పోతుంది, జామ మొక్క పెట్టానంటే అన్నం మానేస్తుంది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?

ప్రాణం మీదికొచ్చినప్పుడు పిల్లని ఒళ్లో పెట్టుకున్నవాళ్లని, పని తీరాక, ఇంక పంపెయ్యండి అనడం మన ఇళ్లలో మర్యాద కాదు. అందుకే ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాను. తొందర లేదని రాశాను. ఒక్క రోజు కూడా నాకు తొందర లేని రోజు లేదు వదినా. అది నీకు తెలుసనుకున్నాను.

సత్యవాణి


గుడివాడ,
1-12-1978

సత్యవాణీ,

దీవెనలూ గీవెనలూ తర్వాత. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. చూస్తే ఆయన తట్టుకోలేరు.

పంపమని నువ్వు అడగకూడదు, సరే. మరి నేను? ఇంట్లో పెట్టుకున్న పిల్లని, ఇంక తీసుకెళ్లు అంటే గెంటేసినట్టు కాదా? తండ్రి లేని పిల్లని మేనమామ ఇంట్లో బరువనుకున్నారని లోకం అనదా? నువ్వు తొందర లేదని రాస్తే, ఈవిడకి పిల్ల అక్కర్లేదు కాబోలు అని నేను వంటింట్లో కూర్చుని నిన్ను తిట్టుకున్నాను. ఇద్దరం మర్యాదకి పోయి ఆర్నెల్లు పాడుచేశాం.

ఇప్పుడు మోపిదేవి సంగతి. ఆ రోజు మేం బయల్దేరింది మోపిదేవికి కాదు, నీ దగ్గరికి. ఏడాది నాడు నువ్వు ఒక్కతివీ ఉండకూడదని మీ అన్నయ్యే అన్నారు. అవనిగడ్డలో కోడూరు బస్సు దగ్గరికి వచ్చేసరికి వల్లి మెట్టు పట్టుకుని ఆగిపోయింది. "తుమ్మ పెట్టిందా అమ్మ?" అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. ఎక్కలేదు. ఎత్తుకుని ఎక్కించబోతే మీ అన్నయ్య చెయ్యి కొరికింది. ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చి, మోపిదేవిలో దిగి స్వామి ముందు కూర్చోబెట్టాం.

ఆ పటంలో వంటింటి పాదులూ, నీళ్ల కాలవలూ మీ అన్నయ్యవి. దక్షిణం వైపు నాలుగు వరసలు వల్లివి. నీళ్లు అటు నుంచే వచ్చాయి కదా. ఎర్ర సున్నా కూడా దానిదే, దాని పెన్సిలే. నీకు చెప్పనని నా చేత పసుపు ముట్టించి ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఒట్టు తప్పుతున్నాను, ఆ పాపం నాకే తగలనీ.

వాళ్ల నాన్న దాన్ని పాత ఇంటి గట్టు మీద తుమ్మకి తన పంచెతో కట్టారు. ఆయన కింద కొమ్మ పట్టుకుని ఉన్నారు. ఇంకో చేత్తో దీని చెయ్యి పట్టుకున్నారు. ముళ్లకి దీని చెయ్యి చీరుకుపోతోంటే వదిలేసింది. తర్వాత ఆయన కనపడలేదు. ఇది నాకు చెప్పడానికి మూడు నెలలు పట్టింది. డాబా ఉంది కదే, మెట్లున్నాయి కదే అంటే, డాబా మీద పట్టుకోడానికి ఏముంటుంది అత్తయ్యా అంటుంది. నీకు ఎందుకు రాయదో తెలుసా? "నాన్న చెయ్యి ఎందుకు వదిలావని అమ్మ అడుగుతుంది" అంది.

ఇంకొక నిజం కూడా చెప్పేస్తాను. మోపిదేవిలో నేను దాని కోసమే మొక్కుకున్నాను, ఒట్టు. కానీ బస్సు ఎక్కనన్నప్పుడు నా గుండెలో ఒక మూల సంతోషం కలిగింది. నాకు దాన్ని ఇవ్వాలని లేదు సత్యవాణీ. నువ్వన్న మాటలో అంత నిజం ఉంది. అందుకే నీ మీద కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

సుగుణ


కోడూరు,
8-12-1978

వదినా,

నీ కాళ్లు పట్టుకోవాలి నేను. రాసిన మాటలు వెనక్కి రావు. నువ్వు ఆ కాగితం పొయ్యిలో పెట్టు.

జామ తీసి వెనక్కి మార్చాను. జకరయ్య కాలవ గట్టు మీది నుంచి తుమ్మ మొక్క వేరు తెగకుండా తెచ్చాడు. ఎర్ర సున్నా ఉన్న చోటే నాటాను. నాగేంద్రమ్మగారు చూసి ఏదో అనబోతే విషయం చెప్పాను. ఆవిడ ఇంట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి తనే పోసింది. ఆవిడకి ఇద్దరు కొడుకులు పోయారు. నాలుగో వరస సరుగుడు కూడా పెట్టాను, మొక్కలు బందరు నుంచి తెప్పించాను.

మొక్క నా మోకాలు దాకా కూడా లేదు. పిల్లని మొయ్యాలంటే ఎన్నేళ్లు పడుతుందో అన్నయ్య పుస్తకంలో ఉండే ఉంటుంది. నేను చూడను. అన్నేళ్లు ఆగలేను. ఆరేళ్లకో, అయిదేళ్లకో పూర్తయ్యే ఇంటికి కాదు, ఇప్పుడున్న ఇంటికే అది రావాలి.

ఈ కింది ముక్క వల్లికి. నువ్వు చదివి చెప్పకు, దాని చేతికే ఇవ్వు.

వల్లీ, నాన్న చెయ్యి ఎందుకు వదిలావని అమ్మ నిన్ను ఎప్పుడూ అడగదు. ఆ రోజు నాన్న పక్కన ఉన్నది నువ్వు. నేను బందరులో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఎవరైనా ఎవరినైనా అడగాలంటే నువ్వే నన్ను అడగాలి, అమ్మా నువ్వెందుకు లేవు అని. వచ్చి అడుగు. నేను జవాబు చెప్పలేను, కానీ అడుగు. తుమ్మ పెట్టాను. చిన్నది. రోజూ నీళ్లు పోస్తున్నాను.

వదినా, మర్యాద పక్కన పెట్టి అడుగుతున్నాను. నా పిల్లని నాకు పంపు.

సత్యవాణి


గుడివాడ,
13-12-1978

చి. సత్యవాణికి దీవెనలు.

కాగితం దాని చేతికే ఇచ్చాను. వెనక వసారాలో కూర్చుని చదివింది. బయటికి వచ్చాక ఒకటే అడిగింది.

"ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే పడుకుంటోందా?"

అవునన్నాను. ఇన్నాళ్లూ దానికి ఆ సంగతి తట్టలేదనుకుంటాను. పుస్తకాలు సంచీలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. బస్సు దగ్గర మళ్లీ భయపడదని నేను చెప్పలేను. భయపడితే అవనిగడ్డలో కూర్చుంటాం. తర్వాతి బస్సు చూస్తాం, అదీ కాకపోతే ఆ తర్వాతిది. ఎక్కేదాకా కదలం. మీ అన్నయ్య సెలవు పెట్టారు, బడి కాగితాలు తీసుకున్నారు.

శనివారం పొద్దున్న బయల్దేరుతున్నాం. గౌన్లు నాలుగు, అంచు విప్పుకోవడం నీకు తెలుసు. పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటే తప్ప తినదు. చెవిపోటు వస్తే భయపడకు, వెచ్చగా కాపితే తగ్గుతుంది. మీ అన్నయ్య రెండు రోజులుండి పెరడు చూస్తానంటున్నారు. నేను ఆ సాయంత్రమే వచ్చేస్తాను. నేను బస్సెక్కేటప్పుడు దాన్ని వెనకవైపు మొక్కల దగ్గరికి తీసుకెళ్లు. నా ముఖం చూడనివ్వకు.

మీ వదిన,
సుగుణ